ఒక్కపొద్దు ఇంటిల్లిపాదిది

చెల్లె, తపస్కాలం మొదలైందంటె మన ఆడోళ్ల నడుమ మొదటి మాట ఒక్కటే: "ఈసారి ఏం పట్టినవ్?" ఒకామె నలభై రోజులు నీసు ముట్టనంటది. ఒకామె చాయ్ బంద్ పెట్టిన అంటది. ఇంకొకామె శుక్రవారం వస్తె పొద్దుగూకేదాక మంచినీళ్ల మీదనే ఉంటనంటది. జగిత్యాలల గాని, కోరుట్లల గాని, సిరిసిల్లల గాని, పూజ అయినంక గుడి ముంగట చెప్పులు తొడుక్కుంటనే నడిచే మాటలివి. మొగోళ్లను ఈ మాట అడుగంగ నేను విన్నది తక్కువ. అందుకే ఇయ్యాల నీతోని మనసు విప్పి ఒక ముచ్చట పెడుతున్న. కోపం చెయ్యకు.

ఈ ఏడు, 2026ల, మన దిక్కు దినాలు ఎట్ల కలిసొచ్చినయో చూడు. ఫిబ్రవరి 15న శివరాత్రి. వేములవాడ రాజన్న తాన జాగారం చేసినోళ్ల కండ్ల నిద్ర ఇంక తీరకముందే, 18న మనం నొసట విభూది పెట్టుకున్నం. అదే వారంల మన పక్కింటి ముస్లిం అక్కలు రంజాన్ రోజాలు పట్టిన్రు. మార్చి 19న ఉగాది మన తపస్కాలం నడిమిట్ల పడుతది. ఇగ పవిత్ర గురువారం ఏప్రిల్ 2, చైత్ర పౌర్ణమి. ఆ దినమే కొండగట్టుల చిన్న హనుమాన్ జయంతి. 2023ల కూడ గిట్లనే రెండు ఒక్క దినం వచ్చినయి. దీని ఎనుక లెక్క ఉన్నది. మార్చి 21నగాని ఆ తర్వాతగాని వచ్చే మొదటి పున్నమి దాటినంక పడే ఆదివారమే మన ఈస్టర్. అందుకే చాన ఏండ్లు మనం సిలువమార్గం చేసుకుంట తిరిగే దినాలల్లనే కాషాయం కట్టిన మాలధారులు జగిత్యాల రోడ్డు మీద కొండగట్టుకు నడుస్తుంటరు.

గీ నేల మీద ఒక్కపొద్దు అంటె ఏందో ఎవ్వలికీ చెప్పే పని లేదు. నిజాం రాజ్యానికి 1855ల ఇటలీలోని మిలాన్ నుంచి గురువులు వచ్చిన్రు. 1952ల వరంగల్ మేత్రాసనం ఏర్పడ్డది, పాత కరీంనగర్ జిల్లా దాని కిందికి వచ్చింది. జపమాల, సిలువమార్గం, పాపసంకీర్తనం మనకు నేర్పింది ఆ ఫాదర్లు, సిస్టర్లు, వాళ్ల ఎనుక ఊరూరు తిరిగిన మన ఉపదేశులు. ఉపవాసం మాత్రం మన అవ్వలకు ముందే వచ్చు. సోమవారం రాజన్నకు ఒక్కపొద్దున్న ఇంట్ల పుట్టిన పిల్లకు, శుక్రవారం యేసుస్వామి శ్రమలను తలుసుకొని ఒక్కపొద్దుండుడు కష్టం కాలేదు. ఆ గట్టితనం మన రక్తంల ఉన్నది. నాకు దాని మీద గౌరవం ఉన్నది. నా భయం కూడ దాని మీదనే ఉన్నది.

భయమెందుకంటవా? మన ఆడోళ్లు తినకుండ ఉండుడు ఎట్లాగూ అలవాటే. ఇంటిల్లిపాది తిన్నంక గిన్నెల మిగిలింది తినేది మనమే. కూర ఒడిసిపోతె పచ్చిపులుసు పోసుకునేది మనమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క చూడు. తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తం తక్కువున్నది. అంటె మన బెంచీల మీద పది మంది కూసుంటె అండ్ల అయిదారుగురు ఆ లెక్కల ఉన్నట్టే. పొద్దుగాల లేస్తె కండ్లు తిరుగుతున్నయి, మెట్లెక్కితె ఆయాసమొస్తున్నది అనేటోళ్లల్ల చాన మంది వాళ్లే. గసొంటి ఒంటి మీద ఇంకింత ఉపాసం పెట్టి దాన్ని దేవునికి కానుక అంటె, చెల్లె, నాకు మనసొప్పది.

మన కథోలిక సంఘం ఏమడుగుతున్నదో ఒకసారి తెల్లగ చెప్పుకుందాం. మనలో చాన మందికి అత్తలు చెప్పిన నియమాలు తెలుసు గని సంఘం చెప్పిన నియమం తెల్వది. 1966ల ఆరవ పౌలు పోపుగారు పాత కఠిన కట్టుబాట్లను సడలించిన్రు. 1983ల వచ్చిన సంఘ చట్టం వయసులు తేల్చింది. తప్పనిసరి ఒక్కపొద్దులు ఏడాదికి రెండే, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. ఆ దినాలల్ల కూడ ఒక్కపూట కడుపునిండ తినొచ్చు, కడమ రెండు పూటల కొంచెం కొంచెం ఎంగిలి పడొచ్చు. అది గూడ 18 నిండినకాడి నుంచి 59 నిండేదాకనే. శుక్రవారాలు మాంసం మానుడు 14 నిండినోళ్లకు. దానికి బదులు ప్రార్థననో దానధర్మమో పెట్టే అధికారం ఆయా దేశాల మేత్రాణులకు ఉన్నది. రోగమున్నోళ్లను, కడుపుతోని ఉన్నోళ్లను, పాలిచ్చే తల్లులను సంఘం ఎన్నడూ పస్తుండుమనలే. ఆదివారాలు అసలు ఒక్కపొద్దు లెక్కల్లకే రావు. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాక లెక్కపెడితె 46 రోజులు. అండ్లకెల్లి ఆరు ఆదివారాలు తీసేస్తె నలభై.

చేప ముచ్చట ఒకటున్నది. సంఘ చట్టం ప్రకారం చేప మాంసం కిందికి రాదు, గుడ్డు, పాలు గూడ తినొచ్చు. మన ఇండ్లల్ల మాత్రం చేప అయినా, ఎండు రొయ్య అయినా నీసు నీసే. రోమ్‌ల తింటరని చెప్పి శుక్రవారం మా ఇంట్ల చేపల పులుసు పెడితె మా అత్తమ్మ ఆ గిన్నెను వాకిట్లకు ఇసిరేసేది! ఈ ముచ్చటల ఆమె మాటనే నిలవనియ్యి. ఇంటి ఆనవాయితీ మంచిదే, దాని పేరు మీద ఒకరు పస్తుండాల్సిన గతి రానంతసేపు.

ఇగ టెన్త్ చదివే పిల్లల ముచ్చట. ఎక్కువ ఏండ్లు వాళ్ల పరీక్షలు మార్చిలనే మొదలైతయి. "మంచి మార్కులు రావాలె, అన్ని శుక్రవారాలు ఉపాసముండు" అని బిడ్డతోని మొక్కు పట్టించే తల్లులున్నరు. పదిహేనేండ్ల పిల్లకు ఒక్కపొద్దు నియమమే లేదు. ఆ పిల్ల చెయ్యాల్సిన త్యాగం ఫోన్ పక్కకు పెట్టి చదువుకునుడు. పొద్దుగాల పరీక్షకు పోయే ముందు నువ్వు గిన్నెడు అన్నం కలిపి ముద్దలు పెట్టు. అది నీ ప్రార్థన అనుకో.

ఇప్పుడు అసలు మాటకొస్త. విభూది బుధవారం దాటిన శుక్రవారం పూజల మొదటి పఠనం యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయంలది. ఏటా అదే. మీరు ఉపాసం చేసుకుంటనే మీ పనోళ్లను సతాయిస్తున్నరని ప్రవక్త జనాన్ని నిలదీస్తడు. ఆకలైనోనికి నీ తిండిల పాలు పెట్టుడు, కాడి కింద నలిగేటోళ్లను ఇడిపించుడు, అదే దేవునికి నచ్చిన ఉపాసం అంటడు. నేను ఆ పఠనం విన్నప్పుడల్ల మన ఇండ్లే కండ్ల ముంగట కనవడుతయి. మన ఇంట్ల కాడి ఎవ్వరి మెడ మీద ఉన్నది?

కోరుట్ల దిక్కు ఒక బీడీల అక్కను చూడు. పొద్దుగాల వంట, బోళ్లు, బట్టలు. అటెనుక ఒళ్లె చాట పెట్టుకొని తునికాకు కత్తిరిచ్చి, తంబాకు నింపి, దారం చుట్టి వెయ్యి బీడీలు చేసేసరికి పొద్దుగూకుతది. సిరిసిల్లల ఇంకొకామె, సాంచాలకు కండెలు చుడుతది. పెనిమిటి పన్నెండు గంటల డ్యూటీ సాంచాల మోతలనే. గసొంటి ఇంట్ల శుక్రవారం వస్తె ఏమైతది? ఆమె ఒక్కపొద్దు. ఆయనకు, పిల్లలకు ఎప్పటి వంట. మామకు నీసు లేంది ముద్ద దిగది. అంటె ఉపాసమున్న మనిషే రెండు తీర్ల వండాలె. పొయ్యి కాడ చెమటలు కక్కుకుంట కోడికూర కలియపెడుతది, నోట్ల మాత్రం పెట్టుకోదు. సాయంత్రం గుడికి ఉరికి పద్నాలుగు స్థలాలల్ల మోకాళ్లేస్తది. ఇంటికొచ్చి మళ్ల బోళ్లు తోముతది. అందరు "మస్తు భక్తి ఉన్న మనిషి" అంటరు. ఆమె భక్తిని నేను కాదనను. ఆ ఇంట్ల తపస్కాలం మొత్తం ఒక్క మనిషి వీపు మీద పడ్డది, నేననేది అది.

అందుకే నా మాట ఇది. నీ ఒక్కపొద్దు నీ ఒంటి కాడనే ఆగొద్దు, ఇంటి లెక్కను మార్చాలె. ఎవ్వలు వండుతున్నరు, ఎవ్వలు తింటున్నరు, మిగిలిన పైసలు ఎటు పోతున్నయి, ఈ మూడు మారాలె.

శుక్రవారం వంట మొగోళ్లకు అప్పజెప్పు. నవ్వకు, నిజంగనే అంటున్న. సాంచ మీద తెగిన పోగును కంటికి కనవడకుండ అతికే చేతులకు పప్పు, అన్నం ఒక లెక్కనా? జొన్న గటక కలుపుడు, మామిడికాయ పప్పు పెట్టుడు ఒక్క దినంల నేర్చుకోవచ్చు. ఆ దినం ఇంట్ల ఒక్కటే వంట, అందరికి అదే. చేతులు రాకపోతె మొదటి వారం ఉప్పెక్కువైతది, తిందాం. డ్యూటీ చేసొచ్చిన మనిషిని పస్తుండుమని నేను అంటలేను. ఒళ్లొంచి కష్టం చేసేటోనికి సంఘం సుత సడలింపు ఇస్తది. ఆయన త్యాగం కల్లు దుకాణం దిక్కు పోకుండుడు, గుట్కా పొట్లం కొనకుండుడు, ఆ పైసలు ఇంట్ల డబ్బాల ఏసుడు.

కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు మన బళ్లల్ల, దవాఖాన్లల్ల ఎంతమంది పనిచేస్తున్నరో నీకు తెలుసు. వాళ్ల దిక్కు గుడ్ ఫ్రైడేనాడు ప్రార్థనలైనంక చర్చి కాడనే గంజి, దానితోని పెసళ్లో అలసందలో పెడుతరు. అందరు కలిసి కూసోని తింటరు. మన విచారణలల్ల గూడ సిలువమార్గం అయినంక గుడి ఆవరణలనే పెద్ద గంజుల అంబలి కాస్తె ఎట్లుంటది? యువకులు కట్టెలు తెస్తరు, మొగోళ్లు కలియపెడుతరు, ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ నంజుకుంట అందరు తాగి ఇంటికి పోతరు. ఆ రాత్రి ఏ ఇంట్ల ఏ ఆడిమనిషి పొయ్యి ముట్టియ్యదు. ఊర్లకెల్లి నడిచొచ్చిన ముసలవ్వలు వట్టి కడుపుతోని బస్సెక్కరు. మా ఫాదర్‌తోని ఈ ముచ్చట ఎత్తిన, సంఘ పెద్దలతోని మాట్లాడుదాం అన్నరు. నువ్వు గూడ మీ కాడ అడుగు.

ఇగ పైసల ముచ్చట. అయిదో శతాబ్దంల మహా లియో అనే పోపుగారు, ఇప్పటి పోపుగారికి గూడ ఆ పేరే, తపస్కాల ప్రసంగాలల్ల ఇదే చెప్పిండు. మనం మానుకున్న తిండి బీదోని కంచంలకు చేరాల్నని. పదిహేను వందల ఏండ్లు దాటినా ఆ మాట పాతపడలే. నీసు మానినోళ్ల ఇంట్ల పైసలు మిగులుతయి గద? ఆ పైసలతోని ఈస్టర్ నాడు డబుల్ దావత్ చేసుకుంటె మనం మానినట్టా, ఎనుకకు జరిపినట్టా? దేశం మొత్తం మీద కారితాస్ ఇండియా, 1962ల మేత్రాణులు పెట్టిన సేవా సంస్థ, ఏటా తపస్కాలంల ఆకలి మీద, రోగాల మీద విరాళాలు ఎత్తుతది. గుడిల ఇచ్చే కవరు అండ్లకే పోతది, అది ఏసుడు మంచిది. దానితోపాటు పక్కింటి దిక్కు గూడ చూడు. సాంచాలు బందున్న ఇంటికి నెల బియ్యం, బస్ కిరాయి లేక దవాఖానకు పోలేని అవ్వకు ఒక వంద, పరీక్ష ఫీజు కట్టలేని పిల్లకు ఆ ఫీజు. ఎవ్వలిచ్చిన్రో తెల్వకుండ ఇయ్యాలె. విభూది బుధవారం సువార్తల యేసుస్వామి అడిగింది అదే, దానమైనా ఉపాసమైనా నలుగురికి చూపియ్యొద్దని.

దావత్‌ల కాడ ఈ మాట బాగ పనికొస్తది. మన చుట్టాలల్ల సగం మంది మన లెక్క క్రైస్తవులు, సగం మంది హిందువులు. మాఘం, ఫాల్గుణంల హిందువుల లగ్గాలు ఆగవు. శుక్రవారం దావత్ పడితె పో, మురిపెంగ పో. బగారన్నంల పప్పుచారు పోసుకొని తిను. "నేను క్రైస్తవురాలిని, ఒక్కపొద్దున్న" అని పంక్తిల కూసోని చాటింపు ఎయ్యకు. పెండ్లిపిల్ల తల్లి మనసు నొస్తె ఆ ఉపాసం దండుగ.

చెల్లె, పెనిమిటి దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉన్నోళ్లకు ఈ నలభై రోజులు ఇంకో తీరుగ ఉంటయి. మన మూడు ఊర్లల్ల గల్ఫ్ పోని వాడకట్టు లేదు. తపస్కాలం మొదటి ఆదివారం సువార్తల యేసుస్వామి ఎడారిల నలభై దినాలు ఉపాసమున్న ముచ్చట చదువుతరు. ఆ పఠనం నడుస్తుంటె మన బెంచీలల్ల కొందరక్కలు తల వంచుకుంటరు. వాళ్లకు ఎడారి అంటె బొమ్మలపుస్తకం ముచ్చట కాదు, పెనిమిటి ఒంటరిగ పండుకునే క్యాంపు. దుబాయ్‌ల ఉన్నోళ్లకు సెయింట్ మేరీస్ చర్చి ఉన్నది, 1967ల మొదలైంది, పండుగలకు ఇసుకేస్తె రాలనంత జనం. సౌదీల అయితె అసలు చర్చే ఉండది. అక్కడున్న మనోడు విభూది పెట్టుకోడు, పూజ వినడు, మట్టలు పట్టుకోడు. అయినా సౌదీల, కువైట్‌ల, ఖతార్‌ల వారం సెలవు శుక్రవారమే. నాకు తెలిసిన ఇంట్ల వాళ్లు శుక్రవారం ఫోన్‌ల వీడియో పెట్టుకొని సిలువమార్గం చేసుకుంటరు. ఈమె ఒక స్థలం చదివితె ఆయన ఇంకోటి చదువుతడు, పిల్లలు నడుమ పాట పాడుతరు. అప్పు కిస్తీ, ఇంటి జగడం ఎన్ని ఉన్నా, ఆ అరగంట వాటి ఊసెత్తొద్దని వాళ్ల ఒప్పందం. సంఘ చట్టంల ఎక్కడా లేని ఉపాసమది, నాకైతె దానికి మించింది కనవడలే. వాళ్ల పిల్లకు నాయిన మొఖం ఎంత తెలుసో, నాయిన గొంతుల సిలువమార్గం అంతే తెలుసు.

మట్టల ఆదివారం, మార్చి 29, దగ్గరికొస్తున్నది. మన దిక్కు ఒలీవ కొమ్మలు ఎక్కడియి, ఈత మట్టలే. గౌండ్లాయనను ముందుగాల అడిగిపెట్టుకో, ఆఖరి దినం ఉరుకులాడితె దొరకయి. పోయిన ఏడు మట్టలు ఇంట్ల సిలువ ఎనుక ఇంక ఉన్నయా? అవి కాల్చిన బూడిదెనే విభూది బుధవారం మన నొసటి మీదికి వచ్చేది. వచ్చే ఏడు తపస్కాలానికి ముందు మరువకుండ గుళ్లె అప్పజెప్పు. పాపసంకీర్తనం గూడ పవిత్రవారం దాక ఆపకు. ఆ వారం ఫాదర్ ఊరూరు తిరుగుతనే ఉంటడు, లైన్‌ల నిలబడి నిలబడి మనసుల మాట మనసులనే ఉండిపోతది.

ఆఖరికి పవిత్ర గురువారం. సాయంత్రం పూజల ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడుగుతరు. ఎన్నో ఏండ్లు ఆ కుర్చీలల్ల మొగోళ్లే కూసున్నరు, నియమం గట్లనే ఉండె. 2016 జనవరిల పోపు ఫ్రాన్సిస్ గారు ఆ నియమం మార్పించిన్రు. ఇప్పుడు ఆడోళ్లు, ముసలోళ్లు, చిన్నపిల్లలు, రోగమున్నోళ్లు ఎవ్వలైనా కూసోవచ్చు. అయినా మన ఊర్లల్ల ఇంక పెద్దమనుషుల పేర్లే ముందుగాల రాస్తున్నరు. ఎందుకో మన ఆడోళ్లను అడిగిన. ఒకామె పగిలిన మడిమలు చూపెట్టింది. ఒకామె, చాట ముంగట కూసోని కూసోని కాళ్లు వాసినయి, ఫాదర్ ముంగట ఎట్ల పెట్టాలె అన్నది. ఇంకొకామె ఏమనకుండ చీర అంచు కాళ్ల మీదికి గుంజుకున్నది.

గా కాళ్లే ఆ కుర్చీల ముంగటికి రావాలె. పసుపు తవ్విన కాళ్లు, గుడికి మైళ్లు నడిచే కాళ్లు, సాంచాల షెడ్డుల పొద్దంత నిలబడ్డ కాళ్లు. పేర్లు రాసుకునేది మట్టల ఆదివారం పూజ అయినంకనే. ఈసారి మీ గుళ్లె ఫాదర్ అడిగినప్పుడు ఎనుక బెంచీల దాక్కోకు. నీ పేరు ఇయ్యి, నీ పక్కన కూసునే బీడీల అక్క పేరు గూడ నువ్వే ఇయ్యి. మా దాంట్ల మా అత్తమ్మ పేరు నేను ఇప్పటికే చెప్పిన. వద్దు వద్దని రెండు దినాల సంది నా మీద గులుగుతున్నది గని, కొత్త చెప్పులు మాత్రం కొనిపించుకున్నది.